నాయన నడకకు లెక్క దొరికింది

నాయనకు పార్కిన్సన్స్, అంటే ఒంటి కదలికలు నెమ్మదించి, వణుకు వచ్చే జబ్బు. హైదరాబాద్‌లో ఓపీ చీటీ రాయించుకుని, లైన్లో కూర్చున్నాక ఆ జబ్బుకు వాడే సిండోపా మాత్ర వేసుకునేవాడు. పిలుపు వచ్చేసరికి మందు పట్టు మీద ఉండేది. "ఎట్లున్నరు?" అంటే "మంచిగనే ఉన్న సార్" అనేవాడు. నల్గొండలో ఇంటి దగ్గరేమో పదకొండున్నర దాటిందంటే గడప ముందు కాళ్లు అతుక్కుపోయేవి. నేనెంత చెప్పినా డాక్టరు కళ్లకు కనిపించేది వేరు.

తర్వాత చూపించిన న్యూరాలజిస్ట్, మందు లేకుండా ఒకసారి, మందు పడ్డాక ఒకసారి కొలుద్దామన్నారు. ఈ జబ్బు ఎంత ముదిరిందో చెప్పే రక్తపరీక్ష ఆస్పత్రుల్లో లేదు. ఎమ్మారై చాలామందికి నార్మల్‌గానే వస్తుంది. అందుకే యూపీడీఆర్‌ఎస్ అనే స్కేలు వాడతారు. 2008లో సవరించిన దాని ప్రకారం కదలికల భాగానికి మొత్తం 132 మార్కులు, ఒక్కో అంశానికి 0 నుంచి 4. ఎక్కువ వస్తే జబ్బు ఎక్కువని.

రాత్రి నుంచి టాబ్లెట్ ఆపాలి కాబట్టి ముందురోజే ఎల్బీనగర్‌లో అక్క వాళ్లింట్లో దిగాం. పొద్దున నాయనను ఆటో ఎక్కించడమే పెద్ద పనైంది.

చూపుడువేలు బొటనవేలికి పదిసార్లు కొట్టమన్నారు, వీలైనంత వెడల్పుగా, వేగంగా. మొదటి మూడూ బాగానే పడ్డాయి. తర్వాత వేళ్ల మధ్య సందు తగ్గుతూ వచ్చి, ఆరో దెబ్బకు చెయ్యి ఆగిపోయింది. గుండె తరుక్కుపోయింది. చుట్టాలంతా వణుకు గురించే అడుగుతారు గానీ, మనిషిని కట్టిపడేసేది ఈ నెమ్మదితనమే. కుర్చీలోంచి లేపారు, నడిపించారు, వెనక నిలబడి భుజాలు పట్టి లాగి తూలుతాడేమో చూశారు. 46 వచ్చింది. మందు వేసి గంట ఆగి మళ్లీ చూస్తే 27. అంటే మందు పనిచేస్తోంది, మధ్యలో దిగిపోతోంది.

ఎప్పుడు దిగుతోందో తేల్చే పని ఇంటి దగ్గర మాది. మందు పనిచేస్తుంటే 'ఆన్', దిగిపోతే 'ఆఫ్' అని అరగంటకోసారి నోట్‌బుక్కులో రాశాం. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవడానికి పట్టే టైము ఫోన్‌లో చూశాం. పొద్దున పదింటికి 15 సెకన్లు, పన్నెండింటికి 34. పక్క పేజీలో రోజూ సంతకం పెట్టించాం. చివరి అక్షరాలు చీమల్లా చిన్నవైపోయేవి.

ఆ నోట్‌బుక్కు చూసి డాక్టరు మొత్తం డోసు పెంచలేదు. అదే మందును చిన్న మోతాదుల్లో, దగ్గర దగ్గర వేళలకు మార్చారు. పప్పు, గుడ్డు లాంటి మాంసకృత్తులు ఈ మందుకు అడ్డం పడతాయని, అన్నానికి అరగంట ముందే వేయమన్నారు. ఇప్పుడు మధ్యాహ్నం 20 సెకన్ల లోపే వస్తున్నాడు. వెనక్కి లాగితే తూలడం మాత్రం తగ్గలేదు. ఆ ఒక్కదానికి మందుతో పెద్దగా గుణం ఉండకపోవచ్చన్నారు. బాత్రూమ్ గోడకు స్టీలు రాడ్ బిగించాం.