పాత 10×50 బైనాక్యులర్: రెండు బొమ్మల్ని ఒక్కటి చేసే పని

ఈ పోరో ప్రిజం (గొట్టంలో కాంతిని మెలిక తిప్పే గాజు దిమ్మలున్న రకం) 10×50 (10 రెట్లు పెంచే, 50 మి.మీ. ముందు లెన్సులున్న) బైనాక్యులర్ నా దగ్గరికి వచ్చేటప్పటికే కుడి గొట్టానికి దెబ్బ తగిలి ఉంది. లెన్సులు శుభ్రంగా ఉన్నాయి, ఫోకస్ చక్రం మెత్తగా తిరుగుతోంది. కానీ కాసేపు చూస్తే చాలు, కనుబొమల మధ్య నొప్పి. రెండు గొట్టాలూ సమాంతరంగా చూడనప్పుడు రెండు బొమ్మలు వేరువేరు చోట్ల పడతాయి, కంటి కండరాలు వాటిని లాగి కలుపుతాయి. కనిపించేది ఒక్క బొమ్మే కాబట్టి అంతా సరిగ్గానే ఉందనిపిస్తుంది, నొప్పి ఎందుకొస్తుందో అర్థం కాదు. అందుకే తేడా ఎంతో, ఎటువైపో కొలిచాకే స్క్రూడ్రైవర్ పట్టాలని పెట్టుకున్నాను.

కొలత

ట్రైపాడ్ లేకుండా ఈ పని కాదు. చేతిలో పట్టుకుంటే వచ్చే వణుకే తేడాను మింగేస్తుంది. గురి పెట్టింది ధ్రువ నక్షత్రానికి, అది దాదాపు కదలదు కాబట్టి. హింజ్‌ని (రెండు గొట్టాల్నీ కలిపే మడత కీలుని) నా కళ్ళ ఎడానికి సరిపెట్టి, ఎడమ వైపు నక్షత్రాన్ని చుక్కలా తెచ్చాను. కుడి ఐపీస్ (కంటివైపు లెన్సు) మీది డయాప్టర్, అంటే ఆ వైపు ఫోకస్ మాత్రమే మార్చే రింగు, తిప్పి అదే నక్షత్రాన్ని మసక బిళ్ళలా చేశాను. చుక్కకీ బిళ్ళకీ పోలిక లేదు, అందువల్ల మెదడు వాటిని కలపడానికి తొందరపడదు. అంతా సరిగ్గా ఉంటే చుక్క బిళ్ళ నడిమధ్యలో ఉండాలి. నాకు బిళ్ళ పైకి, కొంచెం పక్కకి ఉంది.

ఎంత పైకి? సప్తర్షి మండలంలోనే కొలబద్ద ఉంది. వశిష్ఠుడికీ అరుంధతికీ మధ్య దూరం సుమారు 12 ఆర్క్ నిమిషాలు (ఒక నిమిషం అంటే డిగ్రీలో 60వ వంతు), అంటే డిగ్రీలో ఐదో వంతు. బైనాక్యులర్ అటు తిప్పి రెండు గొట్టాల్నీ ఫోకస్ చేసి, కళ్ళు ఐపీస్‌ల నుంచి ఓ జానెడు వెనక్కి జరిపి చూస్తే ఆ జంట రెండు జంటలుగా కనిపించింది. నిలువు తేడా ఆ ఎడంలో మూడో వంతు ఉంది, అంటే 4 నిమిషాలు. వినడానికి చిన్నదే. కానీ 10 రెట్లు పెంచే బైనాక్యులర్‌లో కంటి దగ్గరికొచ్చేసరికి అది సుమారు 40 నిమిషాలు, చందమామ వెడల్పు కన్నా ఎక్కువ.

ఇక్కడ అన్ని తేడాలూ సమానం కావు. కళ్ళు లోపలికి తిరగడం వాటికి అలవాటే, దగ్గరి వస్తువు చూసినప్పుడల్లా చేసే పనే. బయటికి విడిపోవడం కష్టం. ఒక కన్ను పైకి, ఒకటి కిందికి పోవడమైతే దాదాపు చేతకాదు. కాబట్టి ముందు నిలువు తేడా తీయాలి, పక్క తేడా తర్వాత చూడొచ్చు. పైగా వదులుగా వదిలేసిన కళ్ళు వాటంతటవే కాస్త పక్కకి పోతుంటాయి కాబట్టి ఈ పరీక్షలో పక్క తేడాను పూర్తిగా నమ్మలేం.

పగలు చేసేవాళ్ళకు ఒక మాట. దూరంగా అడ్డంగా ఉన్న తీగో, కప్పు అంచో చూసుకోండి. అది కనీసం కిలోమీటరు దూరంలో ఉండాలి. ముందు లెన్సుల మధ్య ఎడం 12 సెంటీమీటర్లనుకుంటే, 100 మీటర్ల దూరంలో ఆ ఎడమే 4 నిమిషాల పక్క తేడా చూపిస్తుంది. కిలోమీటరుకు అది అర నిమిషంలోపే. సూర్యుడి వైపు మాత్రం ఏ పరిస్థితిలోనూ తిప్పకూడదు.

స్క్రూల దగ్గర

ప్రిజం అరల పక్కన రబ్బరు తొడుగు అంచుని గోటితో మెల్లగా లేపాను. పాత జిగురు దారాల్లా సాగింది. దాని కింద గుంటలో తల లేని సన్నటి స్క్రూ, గాడి నిండా నల్లటి మట్టి. ముందు గుండుసూదితో ఆ మట్టి తీయాలి. లేకపోతే స్క్రూడ్రైవర్ జారి గాడి అరిగిపోతుంది, ఇక దాన్ని తిప్పే దారే ఉండదు. వాచీలు బాగుచేసేవాళ్ళు వాడే స్క్రూడ్రైవర్ సరిగ్గా సరిపోయింది.

ఒక్కో గొట్టానికి రెండు స్క్రూలు, ప్రిజానికొకటి. స్క్రూ ప్రిజం అంచుని నెట్టి వెంట్రుకవాసి వంచుతుంది. నా దాంట్లో ఒకటి బొమ్మని ఒక మూలకి, రెండోది దానికి అడ్డంగా ఇంకో మూలకి జరుపుతుంది. నేరుగా కిందికి దించాలంటే రెండూ కొంచెం కొంచెం తిప్పాలి. ఏది ఎటు జరుపుతుందో కాగితం మీద బాణాలు గీసుకున్నాను, ఆ కాగితం లేకపోతే ఈ పని చేయలేం. ఒకసారికి చుట్టులో పదహారో వంతు మించకుండా తిప్పి, బిళ్ళ ఎక్కడికి జరిగిందో చూసి మళ్ళీ తిప్పడమే. స్క్రూ గట్టిపడినట్టు అనిపిస్తే అక్కడే ఆగాలి, బలవంతం చేస్తే ప్రిజం అంచు పెచ్చు లేస్తుంది. దెబ్బ తగిలిన కుడి గొట్టాన్నే ముట్టుకున్నాను. ఎడమది కూడా కదిపితే ఆధారమనేదే మిగలదు.

చుక్క బిళ్ళ మధ్యకి వచ్చాక రాత్రంతా అలా వదిలేసి మళ్ళీ చూశాను. ప్రిజం సర్దుకుని కొంచెం వెనక్కి జరిగింది. ఇంకాస్త తిప్పి, ఈసారి నిలిచాక స్క్రూ మీద ఒక బొట్టు గోళ్ళ రంగు వేసి రబ్బరు అంటించాను.

నైట్రోజన్ నింపిన వాటర్‌ప్రూఫ్ రకాలకు ఇది చేయొద్దు, సీల్ పోతుంది. రూఫ్ ప్రిజం (గొట్టాలు తిన్నగా ఉండే రకం) వాటి జోలికి నేను వెళ్ళను.

ఇప్పటి పరిస్థితి

నా కళ్ళ ఎడంలో నిలువు తేడా కనబడటం లేదు. కృత్తికలు గంటసేపు చూసినా నొప్పి లేదు. ఆ నీలి చుక్కలు ఇంత పదునుగా ఉంటాయని ఈ బైనాక్యులర్‌లో ఇప్పుడే తెలిసింది. అయితే హింజ్ బాగా ముడిస్తే బిళ్ళ మళ్ళీ పక్కకి జరుగుతోంది. గొట్టాలు ఒకదానికొకటి సమాంతరమయ్యాయి గానీ హింజ్ ఇరుసుకి కాలేదు, ప్రిజం స్క్రూలతో వచ్చేది ఇంతవరకే. కళ్ళ ఎడం వేరుగా ఉన్నవాళ్ళకి ఇవ్వాలంటే ముందువైపు లెన్సుల చుట్టూ ఉన్న ఎక్సెంట్రిక్ రింగులు (తిప్పితే లెన్సుని కాస్త పక్కకి జరిపేవి) తిప్పి సరిచేయాలి. వాటి బిగింపు రింగు ఇంకా ఊడి రాలేదు. నూనె చుక్క వేస్తే లెన్సు మీదికి పాకుతుంది కాబట్టి, రబ్బరు పట్టీతో పట్టు దొరికేలా ఒక సాధనం చేస్తున్నాను.