దుప్పట్ల లెక్క

పదకొండున్నర దాటింది. మా ఆయన గురక మొదలై అరగంటైంది. నాకు నిద్ర పట్టకపోవడానికి కారణం చెప్తే నవ్వుతారు. ఒక తలుపు.

అమెరికాలో నేను లెక్కలు చెప్పే కాలేజీలో మా క్లాసు తలుపు గురించి ఇదివరకే మీ దగ్గర చాలాసార్లు ఏడ్చాను కదా. దాని పైనుండే మర పాడై, వదిలేస్తే ధడేల్మని పడుతుంది. ఇవాళ ఆల్జీబ్రా మధ్యలో ఎవరో ఆలస్యంగా వచ్చి అలాగే వదిలేశారు. నా చేతిలో మార్కర్ కిందపడింది. వంగి తీసుకునే లోపే నా కళ్ళు రెండో వరుసలో కుర్రాడి మీదకి పోయాయి. సైన్యంలో నాలుగేళ్ళు చేసి వచ్చి ఇక్కడ చేరాడు. మిగతావాళ్ళంతా నన్ను పేరుపెట్టి పిలుస్తారు, అతనొక్కడే "మ్యామ్" అంటాడు. కళ్ళు పోతే పోయాయి, నోరైనా ఊరుకోవాలా వద్దా? అంత చప్పుడికి ఉలిక్కిపడ్డాడేమోనని "ఆర్ యూ ఓకే?" అని అడిగేశాను. పాతిక తలలు అటు తిరిగాయి.

అతను తన మానాన లెక్క చేసుకుంటున్నాడు. తలెత్తి, "బానే ఉన్నాను మ్యామ్. నేను చేసింది సప్లైలో. నాలుగేళ్ళూ దుప్పట్లు లెక్కపెట్టాను" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాననుకోండి, కానీ చెవులు వేడెక్కిపోయాయి.

ఈ అతిజాగ్రత్త నాకు ఊరికే రాలేదు. ఇక్కడ చేరిన మొదటి ఏడాది ఒకాయన ఉండేవాడు, ఆయనా మిలిటరీ నుంచి వచ్చినవాడే, ముప్ఫై దాటినవాడు. ఎప్పుడూ చివరి వరుస, తలుపు పక్క కుర్చీ, వీపు గోడకి ఆనించి. నాకేమో కొత్త ఉత్సాహం, అందర్నీ గుంపులుగా కూర్చోబెట్టి లెక్కలు చేయించాలని. ఆయన్ని పిలిచి గది నడిమధ్యలో కూర్చోబెట్టాను. పది నిమిషాలు కూర్చున్నాడు. కాలు ఒకటే ఊపుతున్నాడు. తర్వాత సంచీ తీసుకుని వెళ్ళిపోయాడు. ఒక్క మాట లేదు. "మిలిటరీ పొగరు" అని ఆ రాత్రి మా ఆయనతో అన్నాను కూడా. ఆయనేం జవాబు చెప్పలేదు, ఎప్పుడు చెప్పారు కనుక. వారం తర్వాత ఆ మనిషి మళ్ళీ వచ్చి అదే కుర్చీలో కూర్చున్నాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను. ఎలా ఉన్నారని అడగలేదు. థాంక్స్‌గివింగ్ సెలవుల తర్వాత రాలేదు. కోర్సు మానేసినట్టు కాగితం వచ్చింది, పేరు పక్కన డబ్ల్యూ పడింది.

ఆ తర్వాత రెండేళ్ళకి మా దగ్గర గ్రీన్ జోన్ శిక్షణ పెట్టారు. వర్జీనియా కామన్‌వెల్త్ యూనివర్సిటీలో మొదలైన పద్ధతి, చాలా కాలేజీలు అందుకున్నాయి. వెటరన్ విద్యార్థులు, అంటే సైన్యంలో చేసి వచ్చినవాళ్ళు, వస్తే ఎలా మాట్లాడాలి, ఎవరి దగ్గరికి పంపాలి అని మాలాంటి వాళ్ళకి కాసేపు చెప్పి, గది తలుపుకి అతికించుకోమని స్టిక్కర్ ఇస్తారు. అందులో ఒక మాట: కొందరికి తలుపు కనిపించే చోటు కావాలి, కూర్చోనివ్వండి. అంతే. నాకేం ఖర్చవుతుంది? ఒక కుర్చీ. అప్పట్నుంచి మిలిటరీ నుంచి వచ్చినవాళ్ళని చూస్తే గాజు సామాను మోస్తున్నట్టు నడుస్తున్నాను. ఇవాళ దుప్పట్లు లెక్కపెట్టినవాడితో చివాట్లు తిన్నాను. అతను చివాట్లు పెట్టలేదులెండి, నాకే అలా అనిపించింది.

సైన్యం నుంచి వచ్చినవాళ్ళని సర్కారు ఖర్చుతో చదివించే జీఐ బిల్లు 1944లో వచ్చింది కదా, 1947 నాటికి అమెరికా కాలేజీల్లో చేరినవాళ్ళలో దాదాపు సగం మంది యుద్ధం నుంచి వచ్చినవాళ్ళేనట. క్లాసులో సగం మంది వాళ్ళే అయితే ఎవరు ఎవరిని ఓకేనా అని అడుగుతారు? పక్కవాడికీ అదే నిద్రలేమి. అది మాత్రం స్వర్ణయుగం అనను, అదే చట్టం కింద హక్కున్న నల్లజాతి సైనికులకి దక్షిణాది కాలేజీల్లో చాలావాటి తలుపులే తెరుచుకోలేదు.

సరే, అసలు సంగతి. క్లాసయ్యాక అతను ఆగాడు. నేను క్షమాపణ సిద్ధం చేసుకుంటున్నాను. అతనికి ఆ గొడవే గుర్తులేదు. విద్యార్థులు చాలలేదని అతని ఇంగ్లీషు క్లాసు సెక్షన్ రద్దు చేశారట. మామూలు పిల్లలకైతే ఓ చిరాకు, అంతే. ఇతనికి అది ఇంటద్దె. ఇప్పటి జీఐ బిల్లు కింద చదివేవాళ్ళకి సెమిస్టర్‌లో 12 క్రెడిట్ల క్లాసులు ఉంటే, ఇంటద్దెకని ఇచ్చే హౌసింగ్ అలవెన్స్ పూర్తిగా వస్తుంది. 9కి దిగితే పన్నెండులో 75 శాతం కదా, దాన్ని 80కి సవరించి ఆ మేరకే ఇస్తారు. ఇంకా దిగి 6కి వస్తే అసలు రాదు. పైగా నెల గడిచాక వచ్చే డబ్బు, సెమిస్టర్ల మధ్య సెలవులకి లేదు. అంటే జనవరిలో చేతిలో ఏముంటుంది?

కౌన్సెలర్ దగ్గరికి వెళ్తే, "సెరామిక్స్‌లో సీట్లున్నాయి, చేరిపో" అన్నారట. కుండలు చెయ్యడం మంచిదే. కానీ డిగ్రీకి అక్కర్లేని క్లాసుని ఆ లెక్కలో సర్టిఫై చెయ్యరు, అంటే ఆ క్రెడిట్లు అలవెన్స్‌కి పనికిరావు. ఆ ముక్క కౌన్సెలర్‌కి తెలియదా? సర్టిఫై చేసే ఉద్యోగి ఒక్కరే, ఆ మనిషికే బదిలీ కాగితాల పనీ అంటగట్టారు. ఈమెయిల్ పెడితే పది పని దినాలు అని జవాబు వస్తుంది, దానంతటదే. సెక్షన్ రద్దు చేసేవాళ్ళకి ఆ జాబితాలో జీఐ బిల్లు మీద చదివేవాళ్ళు ఎవరున్నారో ముందు చూడడం ఎంతసేపటి పని? నవంబర్ 11న, వెటరన్స్ డేకి మాత్రం డోనట్లు పంచుతారు, జెండా పక్కన ఫొటోలు దిగుతారు. కింద అంతస్తులో వెటరన్స్ గది ఒకటి, సోఫా, కాఫీ మెషీన్. ఆ సోఫా డబ్బుతో ఇంకో గుమాస్తాని పెట్టుకోవచ్చు అని ఈ ఏడాది పొడుగునా అంటున్నాను, మీకూ చెప్పాను.

ఇక్కడే నా నోరు మూతపడింది. "మీ క్లాసుకి వస్తూ కింద వెటరన్స్ గదిలో ఆగాను మ్యామ్" అన్నాడు. అక్కడ బల్ల దగ్గర ఒకామె కూర్చుంటుంది, ఒకప్పుడు నేవీలో చేసింది, ఇప్పుడు వీఏ (మాజీ సైనికుల బాగోగులు చూసే ప్రభుత్వ శాఖ) వర్క్-స్టడీ కింద గంటల లెక్కన పనిచేస్తూ చదువుకుంటోంది. ఆమె అతని డిగ్రీ ప్లాన్ తెరిచి, సెరామిక్స్ వద్దని చెప్పి, సాయంత్రం చరిత్ర క్లాసొకటి వెతికిపెట్టిందట. ఈ వారమే మొదలవుతుంది, ప్లాన్‌లో ఉంది. చేరాక ఈమెయిల్ పెట్టి కూర్చోకు, ఆ ఉద్యోగి ముందు నిలబడు అని కూడా చెప్పిందట. సోఫాలో కాఫీ తాగుతూ పది నిమిషాల్లో తేలిన పని.

మరి నా దగ్గరికెందుకు వచ్చాడు? ఆ చరిత్ర క్లాసు రోజు నా సాయంత్రం లాబ్‌కి అడ్డొస్తుంది, వేరే రోజు లాబ్‌కి రావచ్చా అని. అంతే. రావచ్చన్నాను. థాంక్యూ మ్యామ్ అని వెళ్ళిపోయాడు.

ఆ తలుపు పక్క కుర్చీ మనిషికి కింద ఆ గది ఉందని తెలుసో లేదో. అప్పటికి గది ఉందా? ఉందనుకుంటా, సోఫా లేదు.

ఇందాక అతనికి మూడు పేరాల క్షమాపణ రాశాను. కొట్టేశాను. మార్చిన లాబ్ రోజు, టైము, గది నంబరు మాత్రం పంపాను.

రేపు తలుపు కింద పెట్టడానికి ఒక చెక్కముక్క తీసుకెళ్ళాలి. ఆ చప్పుడికి మార్కర్ జారవిడిచింది నేనొక్కదాన్నే.