రస్ట్లర్ 36 ఆ, కేప్ జార్జ్ 36 ఆ

గాజులమండ్యంలో ఫైబర్ షెడ్డు పెట్టుకుని వాటర్ ట్యాంకులు, బాత్రూం తలుపులు పోసుకునేవాడికి తెరచాప పడవల పిచ్చి ఏందిరా అని మా మామ ఎప్పుడూ అడగతా ఉంటాడు, ఆ పడవ ఒళ్లంతా మనం పోసే రెసినూ మ్యాటే మామా అంటే నమ్మడు. 2022 గోల్డెన్ గ్లోబ్ రేసులో మన నేవీలో చేసిన అభిలాష్ టామీ పోయినప్పటి నించి నాకిది బాగా ముదిరింది. ఒక్క మనిషి, యాడా ఆగకుండా ప్రపంచం చుట్టి రావాల, జీపీయస్ వాడకూడదు, సెక్స్టెంట్ పట్టుకుని సూర్యుణ్ణి చూసి దారి లెక్క కట్టుకోవాల. పడవ కూడా పాత కాలందే ఉండాల, 32 నించి 36 అడుగుల లోపల, 1988కి ముందు డిజైను, కింద పొడుగు కీల్ (పడవ అడుగున వెన్నెముక లాగా దిగి ఉండే భాగం), చుక్కాని ఆ కీల్ వెనక అంచుకే తగిలించి ఉండాల.

2023 ఏప్రిల్ 27న దక్షిణాఫ్రికా ఆమె కిర్స్టెన్ నాయ్‌షేఫర్ ఫస్టొచ్చింది, ఆమె పడవ పేరు మిన్నెహాహా, డిజైను కేప్ జార్జ్ 36. రెండ్రోజులకి టామీ సెకండ్, ఆయన పడవ బయానత్, అది రస్ట్లర్ 36. అదీగాక కిర్స్టెన్ మధ్యలో పడవ మునిగిపోయిన ఇంకో పోటీదారుణ్ణి, తాపియో లెహ్తినెన్‌ని, సముద్రంలోంచి ఎక్కించుకుని కాపాడింది. పడవ మంచిదైతే చాలదు, నడిపే మనిషిని కూడా చూడాల, ఒప్పుకుంటా. కానీ నాకు వాదం పెట్టుకోడానికి పడవలే బాగుంటాయి.

మా షెడ్డులో కుర్రోడు "అన్నా, రెండూ 36 ఏ గదా, ఇంక తేడా ఏముంది" అన్నాడు. తేడా అంతా ఆ 36లోనే ఉంది. ఇల్లు కొలిచేటప్పుడు చూరు కూడా కలిపి చెప్పినట్టు, పడవ పొడుగులో నీళ్లకి తగలకుండా ముందూ వెనకా గాల్లోకి సాగిన భాగం కూడా కలిపేస్తారు. రస్ట్లర్ మొత్తం పొడుగు 35 అడుగుల 4 అంగుళాలు, నీళ్ల మీద ఆనేది దాదాపు 27 అడుగులే. కేప్ జార్జ్ ముక్కు, తోక అంత సాగవు, 36 అడుగుల్లో 31న్నర అడుగులు నీళ్లలోనే ఉంటాది. ఇట్లాంటి బరువు పడవకి వేగం గరిష్ఠంగా ఎంత వొస్తాదో ఈ నీటి గీత పొడుగే చెప్పేస్తాది, అడుగుల్లో దాని వర్గమూలం తీసి 1.34తో గుణిస్తే నాట్లు, అంటే గంటకి ఎన్ని నాటికల్ మైళ్లో, వొస్తాయి. రస్ట్లర్‌కి 7కి కొంచెం లోపల, కేప్ జార్జ్‌కి ఏడున్నర. అర నాటు అంటే నవ్వులాటగా ఉంటాది గానీ రాత్రింబవళ్లు ఆగకుండా పోయే పడవకి రోజుకి 12, 13 నాటికల్ మైళ్లు, అంటే తిరుపతి నించి చంద్రగిరి పోయి వెనక్కి వొచ్చినంత దూరం. రోజూ అంత వేగం రాదులే, గాలి గట్టిగా ఉండే దక్షిణ సముద్రంలోనే వొస్తాది, కానీ ఈ రేసులో ఎక్కువ దూరం అక్కడే గదా. రస్ట్లర్‌ని కూడా పాపం మరీ తీసిపారేయకూడదు, అది పక్కకి వొరిగినప్పుడు ఆ సాగిన భాగం కొంత నీళ్లలోకి దిగి గీత పెరగతాది, కాగితం మీద కనపడేదానికంటే బాగానే పోతాది.

మరి అట్లయితే 2018 రేసులో మొదటి మూడు స్థానాలూ రస్ట్లర్ 36లే ఎట్ల కొట్టినాయి? 73 ఏళ్ల ఫ్రాన్స్ ఆయన వాన్ డెన్ హీడ్ 211 రోజుల్లో గెలిచినాడు, మధ్యలో పడవ తిరగబడి స్తంభం దగ్గర దెబ్బ తగిలినా. నా లెక్క ఏందంటే రస్ట్లర్ తేలిక, ఏడున్నర టన్నులు దాటి కొంచెం, కేప్ జార్జ్ పదిన్నర టన్నుల పైనే. బరువు పెరిగితే తెరచాప పెద్దది కావాల, తాళ్లు లావువి కావాల, ఒక్కడే లాగాల. అదే 2018లో టామీ పోయింది గోవాలో కట్టిన తురియా అనే చెక్క పడవ మీద, తుపానులో స్తంభాలు విరిగి ఆయన వెన్నెముక దెబ్బతినింది. ఆ మనిషి మళ్లీ రస్ట్లర్ ఎక్కి, గాలిని బట్టి పడవని తనంతట తానే దారిలో పెట్టే విండ్‌వేన్ పాడైతే టాయిలెట్ తలుపు కోసి రిపేరు చేసుకుని సెకండొచ్చినాడు. తలుపులు పోసేవాణ్ణి కాబట్టి ఆ ముక్క చదివి నేను పొంగిపోయినా.

ఇంక కట్టుబడి. ఫైబర్‌లో మోసమంతా గాలి బుడగలోనే ఉంటాది. మ్యాట్ పరిచి రెసిన్ తడిపి రోలర్ కొడతా ఉంటే బుడగ తెల్లగా కనపడతాది, దాన్ని అంచు దాకా తోసి బయటికి తీయాల. మే నెలలో మా షెడ్డులో క్యాటలిస్ట్ కలిపిన రెసిన్ బకెట్లోనే గడ్డ కడతాది, కుర్రోళ్లు తొందరపడి బుడగ వొదిలేస్తారు, ట్యాంకు కారితే కస్టమరు నన్ను తిడతాడు. పడవకైతే అట్లాంటి చోట నీళ్లు మెల్లగా చేరి జెల్‌కోట్ అనే పైపూత కింద పొక్కులు లేస్తాయి, ఆస్మోసిస్ అంటారు. రస్ట్లర్‌ని ఇంగ్లండ్‌లో ఫాల్మత్‌లోని యార్డులో కట్టినారు. కేప్ జార్జ్‌ని అమెరికాలో పోర్ట్ టౌన్‌సెండ్ దగ్గర ఖాళీ హల్లుగా, అంటే ఉత్త పడవ ఒళ్లుగా, కూడా అమ్మినారు, మిగతాది కొన్నోళ్లు ఇంటి దగ్గర ఏళ్ల తరబడి పూర్తి చేసుకున్నారు, అందుకే ఏ రెండూ ఒకేలా ఉండవు.

డబ్బులుండి సెకండ్ హ్యాండ్‌లో ఏదో ఒకటి కొనమంటే నేను రస్ట్లరే కొంటా, రేసుకి కాదు, ఊరికే తిరగడానికి. రెండూ పొడుగు కీల్ పడవలే కాబట్టి ఇంజిన్ వేసి రివర్సు తీస్తే చెప్పినమాట వినవు, హార్బర్లో ఏడున్నర టన్నులు గోడకి ఆనకుండా కాలుతో ఆపడమే కష్టం, పదిన్నర టన్నులు నా వల్ల కాదు. కేప్ జార్జే కావాలనేవోళ్లు మాత్రం హల్లు చూసి మురిసిపోకుండా పైన చెక్క డెక్ చూడండి, బోల్టులు దిగిన ప్రతిచోటా స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటా పోండి, మొద్దుగా మోగిన చోట లోపల చెక్క చివికిందని లెక్క, దానికయ్యే ఖర్చు రేటులో తగ్గించమని అడగండి.