పాత జీపుకు బరువు యాక్సిళ్లు

తాడిపత్రి పక్క మా చీనీ తోటకు పోయే దారి సగం నల్లరేగడి, సగం ఇసుక. పాత మహీంద్రా జీపుకు చిన్న ట్రాలీ తగిలించి కాయ బయటికి తెస్తాం. వాన పడినాక లోడుతో లాగితే మొదట నలిగేది వెనక యాక్సిల్ షాఫ్టు, అంటే చక్రాన్ని తిప్పే కడ్డీ. ఈ జీపుల్లో చక్రం బిగించే హబ్బు, కొస సన్నబడే టేపరు షాఫ్టు మీద కీతో (చిన్న ఇనప చీలతో) కూర్చుంటుంది, నట్టు ఒక్కటే పట్టుకోనుంటుంది. పైగా ఇది సెమీ ఫ్లోటింగ్ రకం. అంటే చక్రం తిప్పేదీ, బండి బరువు మోసేదీ ఆ ఒక్క షాఫ్టే. అది విరిగితే చక్రం షాఫ్టు ముక్కతో సహా బయటికొచ్చేస్తుంది. ఫుల్ ఫ్లోటింగ్‌లో బరువు హబ్బులోని రెండు బేరింగుల మీదుగా హౌసింగ్‌కు, అంటే యాక్సిల్ బయటి గొట్టానికి పోతుంది, షాఫ్టుకు తిప్పడమే పని. విరిగినా చక్రం ఊడి రాదు. జాకీ పెట్టకుండానే బోల్టులు విప్పి షాఫ్టు లాగేయొచ్చు. నేను పాత యాక్సిళ్లు తీసి బరువైన ఫుల్ ఫ్లోటింగ్‌వి వేసింది ఇందుకే. బండి ఎత్తుగా కనబడాలని మార్చేవాళ్లకు నేను వద్దనే చెప్తాను.

అనంతపురంలో పాత సామాన్ల కొట్లో ముందు చవగ్గా దొరికిన జతను మా మేస్త్రి చూసిన వెంటనే, "డిఫరెన్షియల్ ఎడమకుంది, మనకు పనికిరాదప్పా" అన్నాడు. డిఫరెన్షియల్ అంటే యాక్సిల్ మీద ఉండే గుండ్రటి గేర్ల డబ్బా. మా జీపులో ముందుకూ వెనక్కూ శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి, దాన్ని డిఫరెన్షియల్‌కు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టులు కుడి పక్కన పోతాయి. ఆ తర్వాత వేలంలో పోయిన ఒక మిలిటరీ బండివి, కుడి పక్కవి, ముందూ వెనకా కలిపి దొరికాయి.

డబ్బు ఇచ్చే ముందే డిఫరెన్షియల్ కవర్లు విప్పించి పళ్లు లెక్కపెట్టాం. మా పాత క్రౌను (పెద్ద గేరు) 43 పళ్లు, దాన్ని తిప్పే చిన్న గేరు పినియన్ 8, అంటే నిష్పత్తి 5.38. ఇవి రెండూ 39కి 8, అంటే 4.88. లాగుడు పదోవంతు దాకా తగ్గుతుంది, లో గేరు ఉంది కాబట్టి ఒప్పుకున్నాను. వెనకది ఒక్కటే మార్చి ముందుది పాతదే ఉంచితే మాత్రం ఒప్పుకోను. ఫోర్‌వీల్ వేసినప్పుడు ముందు చక్రాలు ఒక లెక్కన, వెనకవి ఇంకో లెక్కన తిరగాలని చూస్తాయి. ఇసుకలో టైరు జారి సర్దుకుంటుంది. గట్టి నేల మీద ఆ మెలిక అంతా ట్రాన్స్‌ఫర్ కేసు మీదే పడుతుంది.

నాకు బాగా నచ్చిన పని క్రౌను, పినియన్ కూర్చోబెట్టడం. మేస్త్రి పళ్లకు పసుపు రంగు పేస్టు పూసి, చేత్తో అటూ ఇటూ తిప్పాడు. పంటి అడుగున అచ్చు పడితే పినియన్ లోపలికి ఎక్కువ పోయినట్టు, పై కొసన పడితే వెనక్కి ఉన్నట్టు. షిమ్ములనే కాగితమంత పల్చని రేకులు తీస్తూ వేస్తూ, అచ్చు పంటి నడిమికి వచ్చేదాకా వదల్లేదు. పళ్ల మధ్య ఆటను డయల్ గేజీతో చూసి 6 నుంచి 10 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) మధ్యకు తెచ్చాడు. ఇది సరిగ్గా కుదరకపోతే ఎంత లావు యాక్సిలైనా కూతబెడుతూ అరిగిపోతుంది.

కమాన్లు (పట్టీల స్ప్రింగులు) యాక్సిల్ మీద కూర్చునే సీట్లను ముందు టాకాలతోనే నిలిపి, బండిని చక్రాల మీదికి దించి, పినియన్ కోణం చూసుకున్నాకే వెల్డింగ్ చేయాలి. అదీ ఒక్కసారిగా లాగకూడదు. కొంచెం ఇటు, కొంచెం అటు కాల్చకపోతే యాక్సిల్ గొట్టం వంగుతుంది. బ్రేకులూ మర్చిపోవద్దు. కొత్త వీల్ సిలిండర్లు పెద్దవి కాబట్టి పాత మాస్టర్ సిలిండర్ ఆయిలు చాలక పెడలు కిందికి పోతుంది. మేం దాన్ని కూడా మార్చాం.

యాక్సిల్ పెద్దదైనంత మాత్రాన ఆర్సీలో రాసిన బరువు పెరగదు. ఛాసిస్, స్టీరింగ్ పాతవే కదా. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆర్సీ వివరాలకు తేడా వచ్చే మార్పులను ఒప్పుకోదు. మీ ఆర్టీవో ఆఫీసులో, ఇన్సూరెన్సు వాళ్ల దగ్గర ముందే మాట్లాడుకోండి. డిఫరెన్షియల్‌లో జీఎల్-5 రకం గేరాయిలే పోయండి. మొదటి లోడు దించినాక కమాన్లను యాక్సిల్‌కు పట్టే యూ బోల్టులు మళ్లీ బిగించండి, కొత్త సీట్ల మీద కమాన్ కట్టలు సర్దుకుని అవి వదులవుతాయి.