చార్టులో రాయని నిమిషాలు

హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా డాక్టర్ల చార్టులు చదివి బిల్లు కోసం కోడ్లు వేయడం నా ఉద్యోగం. "డాక్టరుగారి ఫీజు నువ్వెలా లెక్కేస్తావే?" అని అమ్మ అడుగుతూ ఉంటుంది. గుంటూరులో ఆవిడ చూపించుకునే డాక్టరుగారికి ఓపీ ఫీజు ఒకటే. రెండు నిమిషాలు చూసినా అంతే, అరగంట మాట్లాడినా అంతే.

అమెరికా ప్రభుత్వం ముఖ్యంగా పెద్దవాళ్ల కోసం నడిపే ఆరోగ్య బీమా మెడికేర్‌లో అలా కాదు. డాక్టరు పనికి కొన్ని పాయింట్లు, క్లినిక్ ఖర్చుకు కొన్ని, మాల్‌ప్రాక్టీస్ ఇన్సూరెన్స్‌కు కొన్ని. వీటిని ఆర్వీయూలు (రిలేటివ్ వాల్యూ యూనిట్లు) అంటాం. ఊరిని బట్టి వాటిని సవరించి, కూడి, కన్వర్షన్ ఫ్యాక్టర్‌తో, అంటే ఒక్కో పాయింటుకు ఇచ్చే డాలర్లతో గుణిస్తే ఫీజు వస్తుంది. హార్వర్డ్‌లో విలియం షియావో బృందం చేసిన అధ్యయనం ఆధారంగా 1992లో మొదలైన పద్ధతి ఇది. ఆ ఏడాది కన్వర్షన్ ఫ్యాక్టర్ 31 డాలర్లు. 2025లో 32.35. ఇన్నేళ్లలో అద్దెలు, నర్సుల జీతాలు ఎక్కడికి పోయాయో ఆలోచిస్తే ఇది అన్యాయమనే అనిపిస్తుంది నాకు. పైగా ఒకరికి పెంచితే ఇంకొకరికి కోత పడాల్సిందే. 2021లో మామూలు ఓపీ విజిట్ కోడ్ 99213కి పని విలువను, అంటే డాక్టరు పని పాయింట్లను, 0.97 నుంచి 1.30 చేశారు. ఆ ఏడాది కన్వర్షన్ ఫ్యాక్టర్ తగ్గింది.

కంటిశుక్లం ఆపరేషన్‌కు 2025లో పని విలువ 7.35. ఆ చేతి నైపుణ్యాన్ని తక్కువ చేయను. కానీ కూర్చోబెట్టి మాట్లాడటం కూడా వైద్యమే కదా.

మొన్నామధ్య ఒక చార్టు వచ్చింది. పెద్దావిడ, షుగర్ కంట్రోల్‌లోనే ఉంది, మందులు మార్చలేదు. కింద ఒక్క లైను: "మందులు మానేస్తానంటే చాలాసేపు నచ్చజెప్పాను." ఎంతసేపో లేదు. రాయకపోతే చేయనట్టే, అది మా మొదటి పాఠం. ముప్పై నిమిషాలని ఉంటే పై మెట్టు కోడ్ 99214, పని విలువ 1.92. అది లేదు కాబట్టి 99213 వేశాను. ఆ రోజంతా మనసు బాగోలేదు.

నెలాఖరు ఫీడ్‌బ్యాక్‌లో ఆ డాక్టరుకు ఒకే మాట రాశాను: సమయాన్ని బట్టి కోడ్ వేయాలంటే, ఆ రోజు ఆ పేషెంటు కోసం వెచ్చించిన మొత్తం నిమిషాలు నోట్స్‌లో ఉండాలని.

నిన్న ఆయన చార్టే మళ్లీ నా క్యూలోకి వచ్చింది. చివరి లైనులో 33 నిమిషాలు అని ఉంది. 99214 వేశాను.