మన వానలకూ మన ఎండలకూ తగ్గ టీకా కార్డు

నెల్లూరులో కుక్కపిల్లను తెచ్చుకున్నా, ఒంగోల్లో తెచ్చుకున్నా, ఢిల్లీలో తెచ్చుకున్నా చేతికొచ్చే టీకా కార్డు ఒకటే. వరసగా గళ్లు, పక్కన తేదీలు. ఫిబ్రవరిలో మొదటి టీకాలు పడితే ఏటా ఫిబ్రవరి అని రాసేస్తారు. మన జిల్లాల్లో పెద్ద వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడుతుందనీ, పిడుదులకు విరామం ఇచ్చేంత చలి ఇక్కడ రాదనీ ఆ కార్డుకు తెలియదు. డాక్టరు గారితో మాట్లాడి తేదీలను మన కార్తెల ప్రకారం జరుపుకోవడం పెంచేవాళ్ల పనే.

ముందుగా జరపాల్సింది లెప్టోస్పైరోసిస్ టీకా తేదీ. ఇది ఎలుకల మూత్రంతో వ్యాపించే జబ్బు. వరిమడి గట్లు, కాలవలు, రొయ్యల గుంటల చుట్టుపక్కల, ఊళ్లో మురుగు తూములు... తడి ఉన్నన్నాళ్లూ ఆ సూక్ష్మజీవి నేలలోనూ నీళ్లలోనూ వారాల తరబడి బతుకుతుంది. కాలి మీద చిన్న గీరుడున్నా, ఆ నీళ్లు తాగినా, కంట్లో పడినా చాలు. వాయుగుండం పట్టి వీధులన్నీ నీళ్లు నిలిచే నవంబరులోనే ప్రమాదం ఎక్కువ. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పటిలా ఊళ్లోకి నీళ్లొస్తే ఇంటి కుక్కకూ వీధి కుక్కకూ తేడా ఉండదు.

కార్డులో చివర 'ఎల్' అక్షరం ఉన్న కలగలుపు టీకాలో ఈ లెప్టో భాగం ఉంటుంది. దాని రక్షణ సుమారు ఏడాది. డిస్టెంపర్, పార్వో (రెండూ కుక్కపిల్లలను చంపే వైరస్ జబ్బులు) భాగాల రక్షణ అంతకన్నా చాలాకాలం నిలుస్తుంది, లెప్టోది నిలవదు. అందుకని ఫిబ్రవరి తేదీని ఆగస్టు చివరికో సెప్టెంబరు మొదటికో జరిపితే వానల నాటికి శక్తి నిండుగా ఉంటుంది. గడువుకన్నా కొన్ని నెలలు ముందు వేయించినందువల్ల నష్టం లేదు. మొదటిసారి వేయించేవాళ్లకు మాత్రం ఒక్క డోసు చాలదు. మూడు నాలుగు వారాల ఎడంతో రెండు పడాలి. ఆగస్టు నడుమ ఒకటి, సెప్టెంబరు రెండో వారంలో ఇంకొకటి అనుకోండి. చివరి డోసు పడి ఏడాదిన్నర దాటిపోయినవాళ్లు కూడా మళ్లీ రెండు డోసుల లెక్కే మొదలుపెట్టాలి. ఇక్కడ దొరికే చాలా టీకాల్లో లెప్టో రకాలు రెండే ఉంటాయి, కనికోలా, ఇక్టెరోహెమరేజియే. మిగతా రకాలకు అడ్డుకట్ట మన చేతుల్లోనే ఉంది: రాత్రి తిండి గిన్నె బయట వదలకూడదు, నీళ్ల తొట్టి రోజూ కడగాలి, గుంటల్లో నీళ్లు తాగనివ్వకూడదు.

జ్వరం, వాంతులు, ఒళ్లు నొప్పులతో లేవలేకపోవడం, చిగుళ్లూ కళ్లూ పచ్చబడటం, మూత్రం బాగా తగ్గడం కనిపిస్తే అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఇది మనుషులకూ వచ్చే జబ్బు. ఆ కుక్క మూత్రం ఎత్తేటప్పుడు గ్లౌజులు తప్పనిసరి.

ఇక కుక్కపిల్లల టీకాలు. ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. "మూడు డోసులూ వేయించాం, అయినా పార్వో వచ్చింది" అనే మాట తరచూ వినపడుతుంది. మూడు డోసులు పడ్డాయి సరే, చివరిది ఎన్నో వారంలో పడింది? తల్లి ముర్రుపాల ద్వారా వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో ఉన్నంతకాలం టీకాను అదే చంపేస్తుంది. ఆ రక్షణ ఒక పిల్లలో ఏడో వారానికే పోతుంది, ఇంకో పిల్లలో పదిహేనో వారం దాకా ఉంటుంది. ఎప్పుడు పోతుందో బయటికి తెలియదు కాబట్టి ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి వేస్తూ, చివరి డోసు పదహారు వారాలు నిండాక పడేలా చూడాలి. పదో వారానికే 'కోర్సు అయిపోయింది' అన్నారంటే అయిపోలేదనే అర్థం. చివరి డోసు పడి రెండు వారాలు గడిచేదాకా పిల్లను వీధిలో వాసనలు చూడనివ్వద్దు.

డోసు విషయంలోనూ పొరపాటు జరుగుతుంది. చిన్న జాతి పిల్ల కదా అని సగం వేయించుకునేవాళ్లున్నారు. టీకా మందు మాత్రలాంటిది కాదు, బరువును బట్టి తగ్గదు. పొమరేనియన్‌కైనా గ్రేట్ డేన్‌కైనా సీసా మొత్తం, అంటే ఒక మిల్లీలీటరు, వేయాల్సిందే.

మందుల షాపులో కొని ఆస్పత్రికి పట్టుకెళ్లేవాళ్లు చల్లదనం గురించి కఠినంగా ఉండాలి. టీకా 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. మే నెలలో మధ్యాహ్నం బండి డిక్కీలో పెట్టి తీసుకెళితే పొడి రూపంలో ఉండే సజీవ టీకా చచ్చిపోతుంది, వేసేది ఉత్త నీళ్లే. అలాగని నేరుగా ఐసు మీద పెట్టినా చెడే. రేబిస్ టీకాలో కలిపిన అల్యూమినియం పదార్థం గడ్డకడితే ముద్దలైపోయి పనిచేయదు. థర్మోకోల్ పెట్టెలో ఐసు ప్యాక్, దాని మీద మడతపెట్టిన గుడ్డ, ఆపైన టీకా పెట్టండి. గంటల తరబడి కరెంటు పోయే వేళల్లో ఫ్రిజ్ ఎలా నిలుపుతారో షాపులో మొహమాటం లేకుండా అడగండి. పొడి సీసాలో ద్రవం మీ ముందే కలపాలి, కలిపిన వెంటనే వేయాలి, సీసా మీది చీటీ కార్డు మీద అతికించాలి. వేయించాక అరగంట ఆస్పత్రి దగ్గరే ఉండండి. మూతి వాచడం, ఒంటి మీద దద్దుర్లు, వాంతి, కూలబడిపోవడం లాంటివి వస్తే ఆ అరగంటలోనే ఎక్కువగా వస్తాయి.

పార్వోతో ఒక కుక్క పోయిన ఇంట్లో ఫినాయిల్ కొట్టి ఇంకో పిల్లను తెస్తారు. ఆ వైరస్ ఫినాయిల్‌కు చావదు. మట్టిలో నెలల తరబడి, కొన్నిచోట్ల ఏడాది పైన కూడా నిలుస్తుంది. ముందు సబ్బునీళ్లతో మురికంతా కడిగేసి, ఆ తర్వాత తాజా బ్లీచింగ్ పొడి లీటరు నీళ్లకు ఆరేడు గ్రాములు కలిపి పోసి పది నిమిషాలు తడిగా ఉంచాలి. మురికి మీదే పోస్తే క్లోరిన్ మురికితోనే ఖర్చయిపోతుంది. ఫినాయిల్‌తో గానీ యాసిడ్‌తో గానీ దాన్ని కలపొద్దు.

రేబిస్ టీకా మూడు నెలలు నిండాక ఒకటి, డాక్టరు చెప్పినట్టు బూస్టరు, ఆపైన ఏటా. జులై 6న జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకు వచ్చే జబ్బుల దినం) సందర్భంగా పశుసంవర్ధక శాఖ ఆస్పత్రుల్లో ఉచితంగా వేస్తారు. ఆ తేదీ మనకు కలిసొచ్చేదే, ఎందుకంటే అక్టోబరులో చిత్తకార్తె నాటికి కుక్కలు గుంపులు కట్టి కొట్లాడుకుంటాయి, కాట్లు పెరుగుతాయి. ఇంట్లోంచి బయటికి పోని పిల్లికీ ఈ టీకా అవసరమే. టీకా పడిన కుక్కను వేరే కుక్క కరిచినా నిర్లక్ష్యం పనికిరాదు. గాయాన్ని పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, మళ్లీ డోసులు వేయించాలి. పసుపు, కారం, సున్నం పెట్టడం అసలు చేయకూడదు.

పిడుదుల గురించి కాస్త వివరంగా చెప్పాలి. కొన్ని ఊళ్లలో గోమార్లంటారు. కుక్కల మీద ఉండే గోధుమరంగు పిడుదు జీవితంలో మూడుసార్లు రక్తం తాగుతుంది, తాగిన ప్రతిసారీ కిందికి దిగిపోతుంది. పిల్ల దశ నుంచి పెద్ద దశకు మారేది గోడ పగుళ్లలో, తలుపు చట్రాల వెనక, గచ్చు అతుకుల్లో. కడుపు నిండిన ఆడది వేల గుడ్లు పెడుతుంది. మన వేడికి రెండు మూడు నెలల్లోనే ఒక తరం పూర్తవుతుంది. కుక్కకు ఎంత మందు పూసినా వారంలో మళ్లీ కనిపిస్తున్నాయంటే మందు నకిలీదని కాదు, గోడలోంచి కొత్తవి ఎక్కుతున్నాయని. కాబట్టి కుక్కకూ ఇంటికీ ఒకేసారి చేయాలి. పగుళ్లను సిమెంటుతో పూడ్చాలి. గోడ కింది భాగంతో సరిపెట్టకుండా పైకప్పు దాకా చూడాలి, ఈ జాతి పైకి ఎక్కుతుంది. పగుళ్లలో మందు కొట్టిస్తే ఆరేదాకా జంతువులను దూరంగా ఉంచి, రెండు మూడు వారాలకు మళ్లీ కొట్టించాలి, గుడ్ల మీద మందు పనిచేయదు.

కుక్కకు ఇచ్చేవాటిలో ఇప్పుడు బాగా పనిచేసేవి నోటి మాత్రలు. అఫాక్సోలనర్ నెలకోసారి, ఫ్లురలనర్ సుమారు పన్నెండు వారాలకోసారి. రెండూ తిండితో ఇవ్వొచ్చు. పిడుదు కరిచి రక్తం తాగితేనే చస్తుంది కాబట్టి మాత్ర వేసిన తర్వాత ఒంటి మీద ఒకటీ అరా కనిపించినా కంగారు పడొద్దు. మూర్ఛ వచ్చే కుక్కకు డాక్టరును అడగకుండా ఇవ్వకూడదు. మెడ మీద పోసే ఫిప్రోనిల్ అయితే వెంట్రుకలను విడదీసి చర్మం మీదే పోయాలి, ముందూ వెనకా రెండేసి రోజులు స్నానం లేదు. ఎక్కువమంది షాంపూతో రుద్ది మందు కడిగేసి, ఆనక మందును తిడతారు. అమిట్రాజ్ 12.5 శాతం ద్రావణం పిడుదులకు లీటరు నీళ్లకు 2 మిల్లీలీటర్లు, ఎక్కువైతే మగత, వాంతులు, గుండె నెమ్మదించడం. పూశాక ఆరేదాకా నాకనివ్వొద్దు. నాలుగు నెలల్లోపు కుక్కపిల్లలకూ పిల్లులకూ అసలు వద్దు.

పశువులకు వేసే 1 శాతం ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్‌ను 'కొంచెమే' అని కుక్కపిల్లలకు వేయడం మన పల్లెల్లో ఎక్కువ. లెక్క చూడండి. మిల్లీలీటరులో 10 మిల్లీగ్రాములు. సిరంజిలో చిన్న గీత 0.1 అంటే 1 మిల్లీగ్రాము. రెండు కిలోల పిల్లకు అది కిలోకు 500 మైక్రోగ్రాములు, గజ్జికి డాక్టర్లు వాడే 200 నుంచి 400 మైక్రోగ్రాముల మోతాదు కన్నా ఎక్కువ. చిన్న కుక్కపిల్లల మెదడుకు ఆ మందును ఆపే శక్తి ఇంకా పూర్తిగా రాదు. తూలడం, వణకడం, చూపు పోవడం, స్పృహ తప్పడం అందుకే.

పిడుదు కరిచిన వారం నుంచి మూడు వారాల్లో జ్వరం బయటపడొచ్చు. కుక్క మామూలు వేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్. మనుషుల డిజిటల్ థర్మామీటరుకే వ్యాసలీన్ రాసి, మలద్వారంలో అంగుళం లోపలికి పెట్టి చూడండి (ఆ థర్మామీటరును కుక్కకు మాత్రమే వాడండి). 103.5 దాటి, తిండి మానేసి, చిగుళ్లు పాలిపోతే, ముక్కులోంచి రక్తం కారితే, మూత్రం ఎర్రటి టీ రంగులో వస్తే రక్తపరీక్ష ఆలస్యం చేయొద్దు. పిడుదుల ద్వారా వచ్చే ఎర్లీషియా అనే జబ్బుకు ఇచ్చే డాక్సీసైక్లిన్ మామూలుగా 28 రోజుల కోర్సు. నాలుగో రోజుకే తోక ఊపి అన్నం తింటుంది, అక్కడ ఆపేస్తే జబ్బు లోపలే ఉండిపోయి నెలల తర్వాత ఎముక మజ్జను దెబ్బతీస్తుంది. ఆ మాత్రను పెరుగన్నంలో దాచి పెట్టొద్దు. పాలు, పెరుగులోని కాల్షియం మందును పట్టేసుకుంటుంది. ఉత్త అన్నం ముద్దలోనో మాంసం ముక్కలోనో పెట్టి, వెంటనే నీళ్లు తాగించండి, లేకపోతే మాత్ర గొంతుగొట్టంలో నిలిచి పుండు చేస్తుంది.

నట్టల మందు పదిహేను రోజుల వయసు నుంచి పక్షానికోసారి మూడు నెలల దాకా, తర్వాత నెలకోసారి ఆరు నెలల దాకా, ఆపైన మూడు నెలలకోసారి. ఏలికపాములు తల్లి కడుపులోనే పిల్లకు చేరతాయి, కొంకి పురుగులు పాలలో వస్తాయి, అందుకే అంత త్వరగా మొదలుపెట్టాలి. ప్రాజిక్వాంటెల్ (బద్దెపురుగుల మందు) కలిసిన మాత్రలు మామూలుగా పది కిలోలకు ఒకటి. బరువు కంటితో అంచనా వేస్తే తక్కువ పడుతుంది. కుక్కను ఎత్తుకుని కాటా ఎక్కి, ఆ తర్వాత మీ ఒక్కరి బరువు తీసేయండి.

మూడు నెలల లెక్క మన దగ్గర అందరికీ చాలదు. నెల్లూరు గొర్రె మందలున్న ఊళ్లలో కోసినచోట ఊపిరితిత్తులు, కాలేయం కుక్కలకు విసిరేస్తారు. వాటిలో నీటి తిత్తులుంటే కుక్క పేగుల్లో కొన్ని మిల్లీమీటర్లే ఉండే బద్దెపురుగు పెరుగుతుంది. మలంలో కంటికి కనిపించదు. దాని గుడ్లు చేతికి, అక్కడి నుంచి నోటికి చేరితే మనుషుల కాలేయంలో అవే తిత్తులు పెడతాయి. పచ్చి పేగులు, కాలేయం తినే అవకాశమున్న కుక్కకు ఆరు వారాలకోసారి ప్రాజిక్వాంటెల్ ఇవ్వాలి, తినకుండా ఆపడం ఇంకా మేలు. వేసేదుంటే అరగంట పైన బాగా ఉడకబెట్టి వేయండి.

ఎండాకాలంలో నడక ఉదయం ఏడులోపే, పగ్‌లాంటి పొట్టి ముక్కు జాతులకు అదీ తగ్గించాలి. రోహిణి కార్తెలో ఆగకుండా రొప్పుతూ, చొల్లు కారుస్తూ తూలితే నీడకు చేర్చి, మామూలు నీళ్లు పోసి ఫ్యాను కింద పెట్టండి, ఐసు నీళ్లు వద్దు. వేడి 103.5కు దిగాక పోయడం ఆపి ఆస్పత్రికి తీసుకెళ్లండి.

పిల్లులకు ఎనిమిది తొమ్మిది వారాలకు మూడు జబ్బుల టీకా మొదలై, పదహారు వారాల దాకా సాగుతుంది. కుక్కల పిడుదుల మందులో పర్మెత్రిన్ ఉంటే పిల్లిని చంపుతుంది. జ్వరమని పారాసిటమాల్ ముక్క ఇస్తే చిన్న మోతాదే ప్రాణం తీస్తుంది.

ఆడకుక్క ఎదకు వచ్చి వెళ్లిన నెల, రెండు నెలల్లో నీళ్లు అతిగా తాగుతూ, మందకొడిగా ఉంటే గర్భసంచిలో చీము పట్టిందేమో వెంటనే స్కానింగులో చూపించాలి. చీము బయటికి కారకపోతే ఇంకా ప్రమాదం. పిల్లలు వద్దనుకునేవాళ్లు ముందే గర్భసంచి, అండాశయాలు తీయిస్తే ఈ జబ్బే ఉండదు.

మన ప్రభుత్వ పశువైద్యశాలల్లో డాక్టరు గారికి గేదెలు, ఎద్దులు, గొర్రెలతోనే ఉదయమంతా గడిచిపోతుంది. వెళ్లేముందు ఫోను చేసి కుక్క టీకాలు ఉన్నాయో లేవో కనుక్కోండి. టీకా కార్డు, బరువు, ఉదయం చూసిన జ్వరం అంకె, చివరిసారి ఇచ్చిన నట్టల మందు పేరు, వీలైతే చిన్న డబ్బాలో ఆ రోజు మలం తీసుకెళ్లండి. పెద్ద ఆపరేషన్లకు, వివరమైన పరీక్షలకు తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయం ఆస్పత్రికి రాయమని అడగొచ్చు. కుక్కకు బెల్టుతో పాటు మూతికి గుడ్డపట్టీ కూడా ఉండాలి, గొర్రెల పక్కన వరండాలో కూర్చోబెట్టినప్పుడు పనికొస్తుంది.