వేపకొమ్మకు జడ

మా ఎలిమెంటరీ స్కూల్లో డ్రాయింగ్ మాస్టారు లేరు, పాటల టీచరూ లేరు. ఐదు తరగతులకు ఇద్దరే పంతుళ్లు. నేను నాలుగులో ఉండగా, జనవరి 26కి ఏదైనా చేయించాలని హెడ్మాస్టారు రామాలయం దగ్గర కోలాటం నేర్పే తాతను బడికి పిలిపించారు. కుర్చీ వేయిస్తే ఆయన కూర్చోలేదు. వేపచెట్టు మొదట్లో గొంతుక్కూర్చుని, ముందు మా కాళ్లకేసి చూశాడు.

వారం దాకా కోలలు చేతికివ్వలేదు. ఉత్త చప్పట్లు, అడుగులే. తర్వాత కోపులు, అంటే వరసలు మారే తీరులు. ఈల వేస్తే లోపలి వరస బయటికి, బయటి వరస లోపలికి మారాలి. నాది ఎడమచేతి వాటం. కోల మీద పడాల్సిన దెబ్బ ఎదుటివాడి వేళ్ల మీద పడేది. "కోలనేం చూస్తావురా, నీ ఉద్దివాడి మొహం చూడు" అనేవాడు తాత.

ఆఖర్న జడ కోలాటం. పాత చీరలు చించి పేనిన ఎనిమిది తాళ్లు కొమ్మకు కట్టాడు. నలుగురు ఇటు, నలుగురు అటు తిరగాలి. ఎదురొచ్చిన ఒకణ్ణి లోపలనుంచి దాటితే తర్వాతివాణ్ణి బయటనుంచి దాటాలి. తిరిగేకొద్దీ పైన జడ పడుతుంది. వెనక్కి మళ్లి అదే లెక్కన దాటుకుంటూ వస్తే విడిపోతుంది. చిన్న మాస్టారు బోర్డు మీద సరి, బేసి అంటూ బాణాలు గీశారు. తాత నవ్వి, "అంత సుద్దెందుకు బాబూ, లోన, బైట అని నోట్లో అనుకుంటే పోలా?" అన్నాడు. సంతకం రాని మనిషి!

స్థానిక కళాకారులను బడుల్లో బోధకులుగా పెట్టుకోవాలని 2020 జాతీయ విద్యా విధానంలో ఉంది. ఆ మాట చదివినప్పుడు తాతే గుర్తొచ్చాడు. ఆయనకు ముట్టింది ఒక తువ్వాలు, రెండు అరటిపళ్లు. ఇప్పుడు వార్షికోత్సవాలకు పెన్‌డ్రైవ్‌లో సినిమా పాటలు తెచ్చుకుంటున్నారు. పిల్లలు హుషారుగానే ఆడతారు, కాదనను. కానీ అందరూ జనంకేసే చూస్తుంటారు. పక్కవాడు తప్పినా వీడికి పట్టదు.

మాకలా కుదర్లేదు. జెండా ఎగరేశాక, సర్పంచిగారి ముందు జడ చక్కగానే పడింది. విప్పేటప్పుడు టెన్షన్‌లో నేను వరసగా ఇద్దర్ని లోపలనుంచే దాటాను. పైన ముడి బిగిసింది. ఎనిమిదిమందిమీ తాళ్లు పట్టుకుని బిక్కమొహాలేసుకుని నిలబడ్డాం. తాత ఈల నోట్లోంచి తీసి, పైకి చూసి, "ఉండనీండ్రా, జడ బాగానే ఉంది" అన్నాడు.

వేసవి సెలవులిచ్చేదాకా అది ఆ కొమ్మకే వేలాడింది.